ఒంటరిగా ఒకసారి, నలుగురితో మరోసారి: ఒక టెంటు ఎంపిక కేస్ స్టడీ

కొండదారుల్లో నడిచేవాళ్లకు సామగ్రి ఎంపికలో సలహా ఇవ్వడం నా పని. వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం టెంటు గురించే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరి వరకు రాస్తున్నాను. ఆ ప్రశ్నతో వచ్చినాయన అడిగినది ఒకటి, చివరికి ఆయనకు పనికొచ్చినది మరొకటి. ఆ రెండింటి మధ్య మేము ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగామో, ఎందుకు దారి మార్చామో తెలిస్తే ఇదే ప్రశ్నతో ఉన్న మరికొందరికి మేలు జరుగుతుందని నా నమ్మకం. మనిషిని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. కొలతలు, బరువులు మాత్రం అసలువాటికి దగ్గరగానే ఉంచాను.

నేపథ్యం

ఆయన నడివయసు మనిషి, ఆరడుగులు దాటిన ఎత్తు. చాలా ఏళ్లుగా వీపున సంచి వేసుకుని నడుస్తున్నారు. ఆయన ప్రయాణాలు మూడు రకాలు. వీలు దొరికినప్పుడల్లా ఒంటరిగా అడవి దారుల్లో ఒకటి రెండు రాత్రులు ఉంటారు. భార్యతో కలిసి చెట్టూ చేమా లేని ఎత్తైన గట్ల మీద కొన్ని రోజులు నడుస్తారు. అరుదుగా తమ్ముడు, మరదలు కూడా తోడై నలుగురవుతారు.

వీటన్నిటికీ ఆయన దగ్గర ఉన్నది ఒకటే టెంటు, నలుగురికి సరిపోతుందని కొన్న డోమ్, అంటే గుమ్మటం ఆకారపు టెంటు. గుడ్డను నిలబెట్టే రెండు ఫైబర్‌గ్లాస్ పోల్స్ నడినెత్తిన ఒకే చోట దాటుకుంటాయి. లోపలి గది గోడలు దాదాపు అంతా దోమతెర. పైన కప్పే ఫ్లై నేలకు జానెడు ఎత్తు వరకు దిగుతుంది. అన్నీ కలిపి బరువు నాలుగు కిలోలు.

సమస్య

ఆయన రెండు ఫిర్యాదులతో వచ్చారు. వాన రాత్రి టెంటు కారుతోంది. గట్టు మీద గాలికి ఒక పోల్ చీలిపోయింది. పరిష్కారం కూడా తానే నిర్ణయించుకుని వచ్చారు. "ఒక్కటంటే ఒక్క మంచి ఫోర్ సీజన్ టెంటు చెప్పండి. ఎండైనా వానైనా, ఒక్కడినైనా నలుగురమైనా దాంతోనే గడిచిపోవాలి" అన్నారు. ఫోర్ సీజన్ అంటే మంచుకాలంలోనూ వాడేలా చేసిన టెంటు.

ఫోటోలు వద్దని, టెంటునే తీసుకురమ్మని అడిగాను. టెంటు చేసిన తప్పేదో, వేసిన తీరులోని తప్పేదో తేలకుండా కొత్తది కొంటే పాత ఇబ్బందులు కొత్త గుడ్డలోకి వస్తాయి. పెరట్లో ఆయన చేతే వేయించాను, నేను మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాను.

రెండు సంగతులు వెంటనే కనిపించాయి. గాలికి కట్టాల్సిన తాళ్లు తయారీదారు చుట్టి కట్టిన రబ్బరు బ్యాండ్లలోనే ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. ఫ్లై లోపలి వైపు, పోల్‌కు చుట్టి అతికించే చిన్న పట్టీలు ఉంటాయి. అవి కుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మడత కూడా పడకుండా ఉన్నాయి. అంటే గాలి తోసినప్పుడు ఫ్లై ఒక వైపుకు, పోల్ మరో వైపుకు వెళుతున్నాయి. చీలిన పోల్ పైభాగంలో, ఏ ఆధారమూ లేని పొడవు మధ్యలో చీలింది. ఫైబర్‌గ్లాస్ విరిగితే పీచులుగా నిలువునా చీలుతుంది. అల్యూమినియం అయితే ముందు వంగుతుంది, పైన ఒక గొట్టం తొడిగి ఆ రాత్రి గడపవచ్చు.

ఇక కారడం సంగతి. లోపల ఎవరూ లేకుండా జిప్పులు మూసి, పైపుతో చాలాసేపు నీళ్లు కొట్టాను. కుట్ల వెంబడి, మూలల్లో, పట్టీలు కుట్టిన చోట చేత్తో తడిమి చూశాం. పొడిగానే ఉంది. మరి రాత్రి ముఖం మీద పడిన బొట్లు ఎక్కడివి? అవి వాళ్ల ఊపిరిలోవే. నిద్రపోయే మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా పోతుంది. ఇద్దరుంటే అర లీటరు. ఆ ఆవిరి చల్లబడిన ఫ్లై లోపలి వైపు బొట్లుగా పడుతుంది. బయట వాన చినుకు గట్టిగా తగిలినప్పుడల్లా ఆ బొట్లు చిట్లి దోమతెర గుండా కింద పడతాయి. పడుకున్నవాళ్లకు పైకప్పు కారుతున్నట్టే ఉంటుంది. ఫ్లై నెత్తిన ఉన్న రెండు గాలి కిటికీలను చలి భయంతో ఎప్పుడూ మూసే ఉంచుతున్నారని అప్పుడు తెలిసింది.

మొదటి ప్రయత్నం: ఉన్నదాన్ని సరిచేయడం

కొత్తది కొనే ముందు పాతదానితోనే ఒక ప్రయాణం చేసి రమ్మన్నాను. దీనికి కారణం పొదుపు ఒక్కటే కాదు. తాళ్లు కట్టి, కిటికీలు తెరిచాక కూడా మిగిలే ఇబ్బందే టెంటుకు సంబంధించిన అసలు ఇబ్బంది. ఏది కొనాలో చెప్పేది అదే.

చీలిన పోల్ మార్చాం. తాళ్లన్నీ విప్పి, ప్రతి తాడుకూ ఎదురుగా లోపలి పట్టీని పోల్‌కు బిగించాం. పైకిటికీలు వానలోనూ తెరిచే ఉంచమన్నాను. టెంటు వేసే చోటు గురించి కూడా మాట్లాడుకున్నాం. వాగు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయ అడుగుకు దిగుతుంది. నిర్మలమైన ఆకాశం కింద ఫ్లై తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే చెట్టు నీడన వేసిన టెంటులో చెమ్మ తక్కువ పడుతుంది, పదడుగుల అవతల బయలులో వేసినది తడిసి ముద్దవుతుంది. అయితే ఎండిన కొమ్మలు వేలాడే చెట్టు కింద మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

చెమ్మ సగానికి పైగా తగ్గిందని తిరిగి వచ్చాక చెప్పారు. గాలి విషయంలో మాత్రం ఆశించినంత మేలు జరగలేదు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. నలుగురి డోమ్‌కు ఎత్తు ఎక్కువ, గోడ విశాలం, ఆపడానికి ఉన్నవి రెండే పోల్స్. తాళ్లు కట్టినా అది అటూ ఇటూ ఊగుతూ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఒంటరి ప్రయాణంలో నాలుగు కిలోల మోత ఎలాగూ ఉంది. కాబట్టి టెంటు మార్చాల్సిందే, కానీ కారుతున్నందుకు కాదు. ఆకారం, పరిమాణం, బరువు కుదరనందుకు.

రెండో ప్రయత్నం: ఫోర్ సీజన్

ఆయన మనసు అక్కడే ఉంది కాబట్టి దాన్ని పరీక్షించకుండా కాదనడం సరికాదు. ముగ్గురికి సరిపోయే జియోడెసిక్ టెంటు ఒకటి అద్దెకు తీసుకున్నాం. నాలుగైదు చోట్ల పోల్స్ దాటుకునే నిర్మాణం, లోపల అంతా గుడ్డ గోడలు, నాలుగు కిలోలకు దగ్గర బరువు. పోల్ ఒంగేది ఆధారం లేని పొడవులోనే. దాటుకునే చోట్లు పెరిగేకొద్దీ ఆ పొడవు తగ్గుతుంది. అందుకే ఇలాంటివి మంచు బరువునూ గాలి దెబ్బనూ తట్టుకుంటాయి.

గట్టు మీద అది కదలకుండా నిలబడింది. భార్యాభర్తలిద్దరూ మెచ్చుకున్నారు. ఆ వెంటనే అడవిలో, వెచ్చని వానలో గడిపిన రాత్రి మాత్రం ఉక్కపోతతో నరకమైంది. గాలి ఆడని గుడ్డ గోడల మధ్య తెల్లారేసరికి స్లీపింగ్ బ్యాగ్ పైభాగం అంతా చెమ్మగా ఉంది.

"అంత మంచి టెంటు వానకు ఎందుకు ఓడిపోయింది?" అని అడిగారు. అది వానకు ఓడిపోలేదు. ఫోర్ సీజన్ టెంటు ప్రత్యేకత మంచు, గాలి. నీటిని ఆపడంలో మంచుకాలం తప్ప మిగతా కాలాలకు చేసిన మామూలు త్రీ సీజన్ టెంటుకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండనవసరం లేదు. గుడ్డ నీటిని ఎంత ఆపుతుందో హైడ్రోస్టాటిక్ హెడ్ అనే కొలత చెబుతుంది. గుడ్డ మీద నీటి ఒత్తిడిని పెంచుకుంటూ పోయి, మూడు చోట్ల నీరు కనిపించిన క్షణాన ఆ నీటి ఎత్తును మిల్లీమీటర్లలో నమోదు చేస్తారు. ఐఎస్ఓ 811 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ పరీక్ష గురించే. సరిగ్గా బిగించిన ఫ్లైకి 1,200 నుంచి 2,000 మి.మీ. ఉంటే వానకు చాలు. నేలగుడ్డకే ఎక్కువ కావాలి, ఎందుకంటే తడినేల మీద మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన చినుకుది కాదు, మనిషి బరువుది. ఫ్లైకి 5,000 అని రాసి ఉన్నది చూసి మురిసిపోయేవాళ్లు కుట్ల మీద టేపు ఉందో లేదో చూడరు. నీరు వచ్చేది ఎక్కువగా సూది పడిన చోటి నుంచే.

అప్పుడు ఒకే ప్రశ్న అడిగాను, మంచు మీద ఎప్పుడైనా పడుకున్నారా అని. లేదన్నారు. ఎన్నడూ రాని రాత్రి కోసం ప్రతి రాత్రీ మోయాల్సిన బరువు అది. పక్కన పెట్టేశాం.

మూడో ప్రయత్నం: పెద్ద పిరమిడ్

మరీ బరువైన దాన్ని చూశాక మరీ తేలికైన దాని వైపు మొగ్గడం సహజం. నడకకర్రలను కలిపి నిలబెట్టే, నేలగుడ్డ లేని నలుగురి పిరమిడ్ టెంటును ఆయన ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నారు. కిలోన్నర కూడా లేదు. కాగితం మీద ఇది అన్ని ప్రశ్నలకూ జవాబు.

నేల మీద అలా తేలలేదు. అంత పెద్ద చదును జాగా కొండవాలు మీద దొరకడం కష్టమైంది. దొరికిన చోట రాయి, మేకు దిగదు. అలాంటి టెంటు మొత్తం మేకుల మీదే నిలబడుతుంది, గాలి వైపు మూల మేకు ఒకటి ఊడితే గుడ్డ ముఖం మీదకు వస్తుంది. అర్ధరాత్రి ఒకరు లేస్తే నలుగురూ లేవాల్సి వచ్చింది. పురుగూ పుట్రా లోపలికి వస్తాయన్న భయంతో మరదలు కంటి మీద కునుకు వేయలేదు. చేయి తిరిగినవాళ్లకు, మెత్తని నేల మీద, పిరమిడ్ గొప్ప టెంటే. ఈ నలుగురికి కాదు.

మలుపు: రాత్రుల పట్టిక

ఇక టెంట్ల జాబితాలు మూసేయమన్నాను. గత కొన్నేళ్లలో బయట గడిపిన రాత్రులను గుర్తున్నంత వరకు రాయమన్నాను. ఎవరెవరు, ఎలాంటి నేల, గాలి ఎంత, వాన ఎంత, చెట్లున్నాయా లేవా. ఇంతే.

పట్టిక చూశాక ఆయనే కాసేపు మాట్లాడలేదు. సగానికి పైగా రాత్రులు ఒంటరిగా, అడవిలో. మిగిలినవాటిలో అత్యధికం ఇద్దరుగా, గట్ల మీద. నలుగురూ కలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇన్నేళ్లూ ఆయన నలుగురి ఇల్లు ఒక్కడే మోశారు.

దీని నుంచి మూడు నిర్ణయాలు వచ్చాయి. బరువును తరచుగా వచ్చే రాత్రిని బట్టి తేల్చాలి. బలాన్ని నిజంగా ఎదురయ్యే వాటిలో అతి చెడ్డ రాత్రిని బట్టి తేల్చాలి. పరిమాణాన్ని తయారీదారు రాసిన మనుషుల సంఖ్యను బట్టి కాకుండా పరుపులను బట్టి తేల్చాలి. మొదటి రెండూ ఒకే టెంటులో ఇమడవని అప్పుడే అర్థమైంది. అడవికి కిలో చాలు, గట్టుకు రెండు కిలోలు కావాలి. ఒకదానికొకటి సర్దుబాటు చేస్తే రెండుచోట్లా అరకొరే మిగులుతుంది.

పరిమాణాన్ని గదిలో తాడుతో నేల మీద గీసి చూశాం. ఈ పని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, తప్పకుండా చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కింద పరుచుకునే పరుపు, అంటే మామూలు స్లీపింగ్ ప్యాడ్, వెడల్పు 51 సెం.మీ., వెడల్పు రకం 64. ఆయనది వెడల్పుది, ఆయన భార్యది మామూలుది. రెండూ కలిపి 115. ఇద్దరికి అని అమ్మే తేలికపాటి టెంట్లు చాలా వాటికి తలవైపు 130 ఉన్నా కాళ్లవైపు 107 దాకా సన్నబడతాయి. తాడును అలా సన్నగా వేసి పడుకోమంటే ఆమె ప్యాడ్ కాళ్లవైపు గీత దాటింది. నిడివి కూడా చూశాం. ప్యాడ్ మందం ఏడెనిమిది సెంటీమీటర్లు, దాని మీద ఉబ్బిన స్లీపింగ్ బ్యాగ్, ఆపైన లోపలికి వాలే గోడ. ఆరడుగులు దాటిన మనిషికి 215 సెం.మీ. నేల సరిపోయినట్టే ఉంటుంది, కానీ పాదాలు గోడకు ఆని రాత్రంతా చెమ్మను పీల్చుకుంటాయి. మనిషి ఎత్తుకు కనీసం 35 నుంచి 40 సెం.మీ. కలిపి చూసుకోమని చెబుతాను.

ఏది పనిచేసింది

రెండు టెంట్లు, రెండూ ఇద్దరు పడుకునేవే.

మొదటిది గట్ల కోసం. నాలుగు మూలలా వెడల్పు తగ్గని నేల, 225 సెం.మీ. పొడవు. రెండు పెద్ద పోల్స్‌కు తోడు అడ్డంగా దాటే మూడో చిన్న పోల్, అన్నీ అల్యూమినియమే. ఫ్లై నేల దాకా దిగుతుంది. లోపలి గోడలు కింద సగం గుడ్డ, పైన దోమతెర. ఈ సగం సగం ఏర్పాటు మీద కాస్త వాదన జరిగింది. పూర్తి దోమతెర అయితే గట్టు మీద ఫ్లై కింద నుంచి దూసుకొచ్చే గాలి, దుమ్ము నేరుగా ఒంటి మీదకు వస్తాయి. పూర్తి గుడ్డ అయితే అద్దె టెంటులో చూసిన ఉక్క మళ్లీ మొదలవుతుంది. రెండు తలుపులు, రెండు వైపులా బూట్లూ సంచులూ పెట్టుకునే వసారాలు. ఫ్లై, లోపలి గది కలిపే ఒకేసారి నిలబడతాయి, కాబట్టి వానలో వేసినా లోపలి గది తడవదు. బరువు రెండు కిలోలకు కొంచెం పైన.

గుడ్డ విషయంలో సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూసిన నైలాన్, కాకుండా పాలిస్టర్ తీసుకున్నాం. అదే మందానికి నైలాన్ చిరుగును బాగా ఆపుతుంది, అది నిజం. కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగువుగా ఉన్న ఫ్లై అర్ధరాత్రికి వేలాడి లోపలి గోడకు ఆనుతుంది. వానగాలిలో లేచి తాళ్లు మళ్లీ బిగించడం ఆయనకు ఇష్టం లేదు. పాలిస్టర్ సాగడం తక్కువ, ఎండకు పాడవడం కూడా తక్కువ.

రెండోది అడవి కోసం. నడకకర్రల మీద నిలబడే, లోపల దోమతెర గది ఉన్న రెండు పొరల టెంటు, కిలోకు కాస్త పైన. గాలి తక్కువ, నేల మెత్తన, మేకు దిగుతుంది. పిరమిడ్‌ను ఓడించిన కారణాలేవీ అక్కడ లేవు. ఇది రెండు వైపులా సిలికాన్ పూసిన గుడ్డ. అలాంటి దాని మీద టేపు అంటుకోదు, కుట్లకు సిలికాన్ మందు చేత్తో పూయాలి. ఒక రోజు కేటాయించి పూశారు.

నలుగురైతే రెండూ వెళతాయి. ముగ్గురిది ఒకటి, ఒంటరిది ఒకటి తీసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాం. భార్యాభర్తలకు వానరోజున ముగ్గురి టెంటు హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ గట్టు మీద ఎత్తు, వెడల్పు పెరగడం మళ్లీ మొదటి సమస్యే. పైగా నలుగురిలో ఒకరు విడిగా పడుకోవాలి. రెండు చిన్న జాగాలు దొరికినంత సులువుగా ఒక పెద్ద జాగా దొరకదు. ఒక టెంటు చిరిగినా విరిగినా నలుగురూ రెండోదాంట్లో కూర్చుని తెల్లవారేదాకా గడపవచ్చు. ఈ చివరి కారణమే నన్ను పూర్తిగా ఒప్పించింది.

ఒక లోటు మాత్రం ఉంది. సాయంత్రాలు నలుగురూ ఒకచోట కూర్చోవడం పాత టెంటు ఇచ్చిన సంతోషం, ఆయన భార్య దాన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. అది చిన్న కోరిక కాదు, కలిసి వెళ్లేదే అందుకు. మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న తేలిక టార్ప్ (నెత్తిన కప్పులా కట్టుకునే గుడ్డ) ఒకటి, అర కిలో, చేర్చాం. అన్నీ కలిపినా పాత డోమ్ కన్నా తక్కువ బరువు, అదీ నలుగురి సంచుల్లో పంచుకుని.

గట్టు మీద మొదటి పెద్ద గాలి రాత్రి గురించి ఆయన వివరంగా రాసి పంపారు. పొద్దున చూస్తే గాలి వైపు మేకు ఒకటి రాళ్ల మధ్య నుంచి లేచి వచ్చింది, తాడు వదులుగా పడి ఉంది. టెంటు మాత్రం ఆకారం చెడకుండా నిలబడింది, ఇద్దరూ నిద్రపోయారు. పిరమిడ్ అయితే ఆ మేకుతోనే పడిపోయేది. రాతినేల మీద మేకును నమ్మకుండా తాడును పెద్ద రాయికి చుట్టి, దాని మీద మరో రాయి పెట్టమని చెప్పాను. తర్వాత ఆ ఫిర్యాదు రాలేదు.

చెమ్మ ఇప్పటికీ పడుతుంది, పడకుండా ఏ టెంటూ ఆపలేదు. ఇప్పుడు ఫ్లై నుంచి దూరంగా ఉన్న లోపలి గోడ దాన్ని ఒంటికి తగలనివ్వదు. ఉదయం చిన్న గుడ్డతో తుడిచి మడతపెడతారు. అడవి టెంటులో గట్టి నేల మీద వాన చింది ఫ్లై అంచు కింద నుంచి లోపలికి వచ్చింది. వాన సూచన ఉన్నప్పుడు నడకకర్రలు కాస్త కురచ చేసి ఫ్లైని కిందికి దించడంతో అది తగ్గింది.

పాఠాలు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది పాత టెంటును పెరట్లో వేయించిన ఆ మధ్యాహ్నం. విప్పని తాళ్లు, మూసిన కిటికీలు చూడకపోతే కారుతోందన్న మాట నమ్మి మరింత మందమైన, మరింత గాలి ఆడని గుడ్డ వైపు వెళ్లేవాళ్లం. చెమ్మ ఇంకా పెరిగేది.

కిటికీలు మూసుకునే అలవాటు గురించి ఒక హెచ్చరిక తప్పదు. గాలి, వాన ఉన్నప్పుడు టెంటు లోపల స్టవ్ వెలిగించాలన్న ఆశ పుడుతుంది. మూసిన టెంటులో స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గుడ్డ అంటుకుంటే బయటపడే వ్యవధి ఉండదు. ఈ కుటుంబానికి టార్ప్ చేర్చడంలో ఇది కూడా నా లెక్కలో ఉంది. వాన పడుతున్నా నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట వండుకోవచ్చు.

రెండు టెంట్లంటే భద్రపరిచే పని కూడా రెండింతలు. తడిగా చుట్టి ఉంచితే, గుడ్డ మీద నీటిని ఆపే పాలీయురెథేన్ పూత తేమకు విరిగిపోయి జిగటగా, పులిసిన వాసనతో ఊడివస్తుంది. ఒకసారి మొదలైతే దాన్ని నిలబెట్టే మందు లేదు. ఇంటికి రాగానే విప్పి నీడలో ఆరబెట్టి, వదులు సంచిలో పెట్టమని రాసి ఇచ్చాను.

ఇటీవల ఆయన మంచులో నడవాలని ఉందని చెప్పారు. మూడో టెంటు కొనవద్దన్నాను. ఆ ఒక్క ప్రయాణానికి జియోడెసిక్ టెంటునే మళ్లీ అద్దెకు తీసుకోవచ్చు, దాని ఉక్క మంచులో ఇబ్బంది పెట్టదు. తీసుకునేటప్పుడు పోల్ ముక్కల అతుకుల దగ్గర పగుళ్లు, ఫ్లై చుట్టూ మంచును కప్పే అంచుగుడ్డ, రాత్రి మంచు పేరుకున్నా లోపలి నుంచే తెరవగల పైకిటికీ ఉన్నాయో లేదో చూడమన్నాను. మామూలు మేకులు మంచులో పట్టవు కాబట్టి మంచు నింపి, తాళ్లకు కట్టి మంచులో పాతడానికి చిన్న సంచులు కూడా అడిగి తెచ్చుకోమన్నాను.